వేసవి ముహూర్తాలకు ఏం కట్టుకుందాం?



వైశాఖం వచ్చిందంటే మా తెనాలిలో టీవీ పక్కనో, దేవుడి గూట్లోనో శుభలేఖలు పేరుకుంటాయి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, ఉద్యోగ విరమణ సభలు చాలావరకు మన ప్రాంతంలో ఈ రెండు మూడు నెలల్లోనే వస్తాయి. పిల్లలకు సెలవులు, పొలాల్లో పని తక్కువ, పైగా ముహూర్తాలు. ఒక్కో శుభలేఖ విప్పినప్పుడల్లా బీరువా ముందు నిలబడి మనల్ని మనం అడుక్కునే ప్రశ్న ఒకటే. ఈ ఎండలో, ఈ ఉక్కలో ఏం కట్టుకుని వెళ్ళాలి? నలుగురిలో నిండుగా కనపడాలి, ప్రాణానికి హాయిగానూ ఉండాలి.

దీన్ని నేను చిన్న ప్రశ్న అనుకోను. ఒంటి మీద ఎనిమిది గంటలు ఉండే బట్ట సంగతి ఇది. ఎందుకంత పట్టుగా చెబుతున్నానో నా అనుభవంతోనే మొదలుపెడతాను.

నాకు పెళ్ళయిన మొదటి వేసవి. రేపల్లెలో మా ఆడపడుచు వరసయ్యే అమ్మాయి పెళ్ళి, రాత్రి ముహూర్తం. కొత్త కోడలిని కదా, పుట్టింటివాళ్ళు పెట్టిన పెద్దంచు కంచిపట్టు చీర కట్టాను. తెనాలిలో సాయంత్రం రైలెక్కాం. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన. ప్రతి స్టేషన్లోనూ రైలు ఆగినప్పుడు గాలి కూడా ఆగిపోయేది. రేపల్లెలో దిగేసరికి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. పందిట్లో జనం, దీపాల వేడి, పొయ్యిల వేడి. ఆకు కూడా కదలడం లేదు. కాసేపటికి నాకు కళ్ళు తిరిగాయి. మా అత్తగారు గమనించి చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. మొహం కడిగించి, తన సంచిలోంచి మంగళగిరి చీర ఒకటి తీసి ఇచ్చారు. తెల్లటి నేత, మామిడిపండు రంగు అంచు, చేతికి తగిలీ తగలని జరీ. "ఇది కట్టుకో అమ్మాయ్, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు.

నేను మళ్ళీ పందిట్లోకి వచ్చేసరికి పెళ్ళికూతుర్ని కూడా లోపలికి తీసుకెళ్ళి మధుపర్కాలు కట్టించి తీసుకొచ్చారు. తెల్లటి నూలుచీర, ఎర్రంచు, పసుపు పెట్టిన కొంగు. అప్పటిదాకా పట్టుచీర బరువుతో వంగి ఉన్న పిల్ల ఒక్కసారి తేలికపడినట్టు కనిపించింది. ఆ పిల్ల పక్కన మా అత్తగారి చీరలో నిలబడిన నాకు ఒక సంగతి తోచింది. మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో మాంగల్యధారణ వేళకు వధువు మీద ఉండేది పట్టు కాదు, నూలు. పెళ్ళి మొత్తంలో అంతకు మించిన వేళ లేదు. ఆ వేళకు మన పెద్దలు ఎంచుకున్నది సన్నటి నేతబట్ట. మరి పెళ్ళి చూడ్డానికి వెళ్ళే మనం నూలుచీర కడితే తక్కువగా కనపడతామని ఎందుకు భయపడాలి?

ఈ భయం నాకు చాలామందిలో కనిపిస్తుంది. "కాటన్ చీరా? ఆఫీసుకి బావుంటుంది గానీ పెళ్ళికేం కడతాం" అంటారు. అలా అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ నిండుతనం అనేదాన్ని మనం చీర బరువుతో కొలవడం మొదలుపెట్టాం. నిజానికి నిండుతనం వచ్చేది అంచులో, చీర ఒంటిరంగుకీ అంచురంగుకీ కుదిరే పొత్తులో, కుచ్చిళ్ళు నిలబడే తీరులో, జాకెట్టు కుట్టులో. వీటిలో మొదటి మూడూ నేతచీరకు ఉన్నంతగా మరొకదానికి లేవు.

ఇక్కడ పట్టు పక్షాన ఒక మాట చెప్పాలి. పట్టు చెమటను పీల్చదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. నూలు తన బరువులో 8.5 శాతం దాకా తేమను తనలో ఉంచుకుంటే, పట్టు 11 శాతం దాకా ఉంచుకుంటుంది. పాలిస్టర్‌కి ఆ లెక్క 0.4 శాతమే. అంటే పాలిస్టర్ బట్ట మన చెమటను తాగదు, ఒంటి మీదే నిలవ ఉంచుతుంది. మరి కంచిపట్టులో మనకు ఊపిరాడనట్టు ఎందుకుంటుంది? ఒత్తుగా కొట్టిన నేత, జానెడు జరీ అంచు, దాని కింద శాటిన్ లంగా, జాకెట్టుకి పాలిస్టర్ లైనింగ్, ఇవన్నీ కలిసి అలా చేస్తాయి. ఆ రోజు రేపల్లెలో నన్ను పడగొట్టింది పట్టు ఒక్కటే కాదు. సగం పాపం లోపలి లైనింగుది.

అందుకే చీర కంటే ముందు లోపలి బట్టల మాట. జాకెట్టు ఏ గుడ్డదైనా లైనింగ్ మాత్రం మల్ కాటన్ వెయ్యమని టైలరుకి గట్టిగా చెప్పండి. అడక్కపోతే దగ్గర ఉన్నది వేసేస్తారు. చంక దగ్గర మరీ బిగువు పెట్టించుకోకండి, అక్కడ అరంగుళం వదులుంటే సాయంత్రానికి ఎంత తేడా ఉంటుందో చూడండి. రోజువారీ జాకెట్లకు టూ బై టూ రూబియాని మించింది నాకు ఇప్పటికీ కనపడలేదు. లంగా పాప్లిన్‌దే ఉండాలి. ఈమధ్య చీర కింద ఒంటికి అతుక్కునే షేప్‌వేర్ లంగాలు వేస్తున్నారు, ఫోటోకి బాగానే ఉంటాయి. మే నెలలో మాత్రం వద్దు. నడుము చుట్టూ చెమటకాయలు లేస్తే వారం రోజులు పోవు.

ఇప్పుడు ఊళ్ళ సంగతికి వస్తాను. తెనాలి, రేపల్లె, బాపట్ల అన్నీ గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్న ఊళ్ళే. కానీ ఈ మూడింటి ఎండా ఒకటి కాదు. మూడుచోట్లా కాపురం చేసినదాన్ని గనక నాకు తెలుసు.

తెనాలి ఎండ మాడ్చే ఎండ. ఊళ్ళోంచి మూడు కాలువలు పారతాయని ఆంధ్రా ప్యారిస్ అని పేరు పెట్టారు గానీ, వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేస్తారు కదా, బజార్లో నిలబడితే కింద రోడ్డు, పైన సూర్యుడు రెండూ కాలుస్తాయి. ఇక్కడ పగటిపూట వేడుకకు లేత రంగులే మేలు. గంధం రంగు, లేత ఆకుపచ్చ, చంగావి. ఎండను తిప్పికొట్టే రంగులవి. పల్చగా గంజి పెట్టిన మంగళగిరి చీర ఒంటికి అంటకుండా కాస్త దూరంగా నిలబడుతుంది, ఆ సందులో గాలి ఆడుతుంది. గంజి ఎక్కువైతే మళ్ళీ నేత కళ్ళు మూసుకుపోయి అట్టలా అవుతుంది. అన్నం వార్చిన గంజిని రెండింతల నీళ్ళతో పల్చన చేసి, వడకట్టి ముంచి, నీడన ఆరెయ్యాలి. తెనాలి ఆడవాళ్ళకు సోకు మీద శ్రద్ధ మొదటినుంచీ ఉంది. సినీతార శారద గారు పుట్టిన ఊరు, మరో తార జమున గారు పెరిగిన దుగ్గిరాల పక్కనే. సినిమాలో కొత్త జాకెట్టు చేతులు కనిపిస్తే వారం తిరక్కుండా మా వీధి టైలరు దగ్గర అదే కుట్టు అడిగేవారు.

రేపల్లెది వేరే వేడి. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క సముద్రం నుంచి లోపలికి వచ్చిన పాయలు, చుట్టూ వరిపొలాలు. గాలిలోనే నీరుంటుంది గనక ఒంటి మీద చెమట ఆరదు. రాత్రయినా చల్లబడదు. అక్కడ గంజిచీర రెండు గంటల్లో మెత్తబడి వేలాడిపోతుంది. కాబట్టి రేపల్లె పెళ్ళికి గంజి అక్కర్లేని సన్నటి నేత కట్టుకోవాలి. వెంకటగిరి నూలు, లేదా నూలూ పట్టూ కలిపి నేసిన సీకో చీరలు. సీకోలో పట్టు మెరుపు ఉంటుంది, నూలు హాయి ఉంటుంది. రాత్రి ముహూర్తానికి ముదురు రంగులు కూడా కట్టొచ్చు, సూర్యుడు లేనప్పుడు రంగు వేడిని పెంచదు. నెమలికంఠం రంగుకి బంగారు అంచు దీపాల వెలుగులో ఎంత నిండుగా ఉంటుందో చెప్పలేను. తల్లో నాలుగు మూరల మల్లెలుంటే మెడలో ఎక్కువ నగలు అక్కర్లేదు. చెమట మీద బరువైన హారం పడితే మెడ ఒరుసుకుపోతుంది.

బాపట్లలో అసలు సమస్య ఎండ కాదు, గాలి. మధ్యాహ్నం దాటాక సూర్యలంక వైపు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. హాయిగానే ఉంటుంది గానీ, షిఫాన్, జార్జెట్ లాంటివి కట్టుకుని ఆరుబయట సభకు వెళ్ళారో, పమిట సర్దుకోవడంతోనే సాయంత్రం గడిచిపోతుంది. అక్కడ కావలసింది ఒళ్ళు తేలికగా, అంచు బరువుగా ఉండే చీర. అలాంటిది బాపట్ల పక్కనే చీరాలలో నేస్తారు. కుప్పడం చీర. ఒంటికి ఒక రంగు, అంచుకి పూర్తిగా వేరే రంగు వచ్చేలా మూడు నాడెలు ఆడించి, ఒంటి పేకనూ అంచు పేకనూ ఒకదానికొకటి మెలిపెట్టి నేస్తారు. ఆ పెద్దంచు బరువుకి కుచ్చిళ్ళు కిందికి నిలబడతాయి, కొంగు గాలికి ఎగిరిపోదు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరికి ఇంత సరిగ్గా అమరే చీర ఆ పక్కనే పుట్టిందంటే నాకు ఆశ్చర్యం వెయ్యదు. వేడి ఊళ్ళకు బట్ట నెయ్యడం చీరాలవాళ్ళకు పాతవిద్య. నూలును నూనెలోనూ బూడిదనీళ్ళలోనూ నానబెట్టి, ఎరుపూ నలుపూ అద్ది నేసిన వాళ్ళ తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాల దాకా వెళ్ళాయి.

ఇదే బాపట్లలో 1913 మే 26న ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. రోహిణి కార్తె రోజులు. అంత పెద్ద సభ, మండువేసవిలో, విద్యుత్తు పంకాలు లేని కాలంలో. పెద్దరికానికీ హాయికీ పొత్తు కుదరదన్న ఆలోచన మనకు తర్వాత వచ్చిందే. సభామర్యాద అంటే మెడదాకా బిగించిన నల్లబట్ట అన్నది చలిదేశాల నుంచి వచ్చింది. 2010 ఏప్రిల్లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవానికి వెళ్ళిన అప్పటి కేంద్రమంత్రి జైరామ్ రమేష్ వేదిక మీదే తాను తొడుక్కున్న గౌను విప్పేశారు. తర్వాత 2019లో యూజీసీ కూడా స్నాతకోత్సవాలకు చేనేత వస్త్రాలు వాడమని విశ్వవిద్యాలయాలకు రాసింది. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది, ఇంజనీరింగ్ పిల్లలున్నారు. పట్టా పుచ్చుకునే రోజున మన అమ్మాయిలు చీరాల చీరలో వేదిక ఎక్కితే ఎంత అందంగా ఉంటుంది!

జపాన్ వాళ్ళ ఆచారం ఒకటి నాకు చాలా ఇష్టం. కిమోనో వాళ్ళ మర్యాద దుస్తు కదా. జూన్ 1 రాగానే అస్తరు ఉన్న కిమోనోలు పెట్టెలో పెట్టేసి, అస్తరు లేనివి కడతారు. జూలై, ఆగస్టు నెలల్లో అవతలి వెలుగు కనపడేంత పల్చటి నేతవి కడతారు. వేసవిలో పల్చటి బట్ట కట్టడం వాళ్ళకు మర్యాద తప్పడం కాదు, మర్యాద తెలిసి ఉండటం. మన అత్తగార్లకూ ఈ లెక్క ఉండేది. సంక్రాంతికి ఒక చీర, పెళ్ళికి ఒక చీర అన్నట్టే ఎండాకాలానికి ఒక పెట్టె ఉండేది. బిన్నీ చీరలు, వాయిలు చీరలు, నేత చీరలు అందులో ఉండేవి. ఆ పెట్టెను మళ్ళీ తెరవమంటున్నాను.

సభలకు వెళ్ళే ఆడవాళ్ళకు, ముఖ్యంగా వేదిక మీద కూర్చోవలసిన టీచర్లకు, ఉద్యోగినులకు ఒక మాట. మీరు రెండు గంటలు కుర్చీలో కూర్చుంటారు, ఆ తర్వాత లేచి మైకు ముందు నిలబడతారు. ప్లాస్టిక్ కుర్చీకి ఆనిన వీపు తడిసిపోతుంది, అది లేత రంగు జాకెట్టు మీద మచ్చలా కనిపిస్తుంది. కాబట్టి చీర లేతదైనా జాకెట్టు ముదురుదో, చిన్న గళ్ళదో, కలంకారీ అద్దకందో వేసుకోండి. తడి కనపడదు. ఇక సభలు చేసేవాళ్ళకు నా విన్నపం. మే నెలలో సన్మానం పేరుతో పాలిస్టర్ శాలువా కప్పకండి. పెద్దవయసు వాళ్ళు దాన్ని మర్యాద కోసం భుజాల మీద అలాగే ఉంచుకుని ఉక్కిపోతుంటే చూడలేకపోతున్నాను. మంగళగిరి నేత కండువా ఒకటి కప్పండి. ఇంటికి తీసుకెళ్ళి వాడుకుంటారు కూడా.

చీర కట్టని అమ్మాయిలను నేను మర్చిపోలేదు. మంగళగిరిలో చీరలతో పాటు డ్రెస్ మెటీరియల్ కూడా నేస్తారు. దానితో మోకాళ్ళు దాటే కుర్తా కుట్టించుకుని, వదులు ప్యాంటు వేసి, పెద్దంచు చున్నీ ఒకపక్కగా వేసుకుంటే ఇంటర్వ్యూకి సరిపోతుంది, నిశ్చితార్థానికీ సరిపోతుంది. చున్నీ మార్చండి చాలు. ఓణీల ఫంక్షన్ చేసుకునే పిల్లలకు మాత్రం తల్లులు దయచేసి నెట్టు, సీక్విన్స్, క్యాన్‌క్యాన్ వేసిన లంగాలు ఎండాకాలంలో కట్టించకండి. పన్నెండేళ్ళ పిల్ల ఆ గుడారం మోస్తూ ఫోటోలకు నవ్వడం చూస్తే కష్టంగా ఉంటుంది. కుప్పడం పట్టు లంగా, నూలు ఓణీ. అమ్మమ్మ కూడా మురిసిపోతుంది.

ఇప్పుడు కొనడం గురించి. మంగళగిరి చీరలకూ బట్టలకూ 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆ పేరుతో మరమగ్గం బట్ట కూడా బజార్లో తిరుగుతోంది. అసలైన మంగళగిరి చీరకు ఒంటి మీద నేతపూలు ఉండవు. ఒళ్ళంతా నున్నగా, ఒత్తుగా ఉంటుంది. అందమంతా నిజాం అంచు అని పిలిచే ఆ అంచులోనే. చేతిమగ్గం మీద నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా రెండువైపులా మేకుల బద్ద బిగిస్తారు. ఆ మేకుల గుర్తులు అంచు వెంబడి సన్నటి సూదిరంధ్రాల్లా ఉంటాయి, వెలుగుకి ఎత్తి చూడండి. నూలో కాదో అనుమానమైతే లోపలి కొసనుంచి రెండు పోగులు లాగి వెలిగించండి. నూలైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

80వ నెంబరు నూలు అని నేతవాళ్ళు అంటుంటారు. 840 గజాల చిలపలు ఎనభై కలిస్తే ఒక పౌను బరువు తూగే నూలు అది. అంటే పౌను నూలులో 67,200 గజాల దారం. ఇంచుమించు 61 కిలోమీటర్లు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళి, దాదాపు వెనక్కి వచ్చేంత దూరం. ఆ దారాన్ని ఆసుపోసి, తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే వీధిలో పడుగు సాచి గంజి పట్టించి, గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. ఎండ ముదిరితే పొడిగాలికి పోగులు తెగుతాయి. గుంటలో నేల చల్లదనం ఉంటుంది గనక నూలు కాస్త మాట వింటుంది. మనల్ని వేసవిలో చల్లగా ఉంచే చీరను వేసవిలో నెయ్యడమే కష్టం. వానలొస్తే ఆ గుంటలోకే నీరు చేరి మగ్గం ఆగిపోతుంది. నిడుబ్రోలులో పుట్టిన ప్రగడ కోటయ్య గారు జీవితమంతా ఈ నేతగాళ్ళ కోసమే పోరాడారు. మనం పెళ్ళికి ఒక్క నేతచీర కొంటే అది వాళ్ళకు చేసే దయ ఏమీ కాదు. వాళ్ళ పనితనం మనకు చేసే మేలే ఎక్కువ. ఒక్కటి మాత్రం చేయండి, ముహూర్తానికి నాలుగు రోజుల ముందు కాకుండా మాఘ ఫాల్గుణాల్లోనే కొనండి. కావలసిన అంచు, కావలసిన రంగు చెప్పి నేయించుకోవచ్చు. కొన్న చీరను మొదటిసారి ఉప్పునీళ్ళలో విడిగా నానబెట్టి ఆరేసుకోండి.

ఈ నెలాఖరున మా అక్క కూతురి నిశ్చితార్థం, బాపట్లలో. సాయంత్రం నాలుగింటికి, ఆరుబయట. పిల్ల ఫోనులో ఏదో మెరుపుల గౌను చూపించింది. నేనేమీ అనలేదు. మొన్న ఆదివారం చీరాల తీసుకెళ్ళి, మగ్గం మీద సగం నేసి ఉన్న కుప్పడం చీర చూపించాను. లేత గులాబీ ఒళ్ళు, ఆనంద నీలం అంచు. నేతగాడి అనుమతి అడిగి, నేసినంత మేరకు అంచు చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "పిన్నీ, ఇది ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగింది. వచ్చే బుధవారానికి ఇస్తామన్నారు. అందుకే జాకెట్టు కొలతలు రేపే ఇచ్చి రావాలి, మల్ కాటన్ లైనింగుతో.